సమాధి రాయి చెప్పని పుట్టింటి పేరు

విజయనగరంలో కంటోన్మెంట్ అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అని రాసిన రోజుల్లో అక్కడ కూడా పటాలాలు మకాం ఉండేవి. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యం స్థిరపడిన ఊళ్లలో బారకాసులు, కవాతు మైదానంతో పాటు ఒక సమాధుల తోట కూడా వెలిసేది. అలాంటి తోటల్లో 19వ శతాబ్దం మొదటి సగానికి చెందిన రాళ్లను వరుసగా చదివితే, నిండు వయసు వరకు బతికినవాళ్లు ఎంత తక్కువో తెలుస్తుంది. కలరా, జ్వరాలు, కాన్పు ఆ కాలపు మృత్యుకారణాల్లో ముందు వరుసలో ఉండేవి. చిన్న పిల్లలు, వాళ్ల పక్కనే ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న తల్లులు కనిపిస్తారు.

ఆ తల్లుల రాళ్ల మీద ఉండే మాటలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ఆమె పేరు, ఫలానా పటాలం లెఫ్టినెంటు భార్య అన్న మాట, వయసు, మరణించిన తేదీ, బైబిలు నుంచి ఒక వాక్యం. అంతటితో సరి. ఆమె ఎవరి బిడ్డ, ఏ ఊరి పిల్ల, తోబుట్టువులు ఎవరు అన్నది రాయి చెప్పదు. పేరులో సగం భర్త ఇంటిది. అందువల్ల ఆమె కుటుంబాన్ని వెతకడమంటే ముందుగా పుట్టింటిని వెతకడమే.

ఈ వెతుకులాటలో ఒక సూత్రం ఎప్పుడూ అక్కరకు వస్తుంది. ఆ కాలపు యువతి గురించి ఆమె కోసమే రాసిన కాగితం చాలా అరుదు. ఎవరి హక్కో, ఎవరి సొమ్మో, ఎవరి కర్మకాండో ఆమె పేరుతో ముడిపడినప్పుడే ఆ పేరు కాగితం ఎక్కింది. ఆ ముడులు ఎక్కడ పడ్డాయో తెలిసినవాళ్లకే ఆమె దొరుకుతుంది. సమాధి ఉన్న దొరసానికి ఈ మాట ఎంత వర్తిస్తుందో, సమాధే లేని తెలుగు పడుచుకూ అంతే వర్తిస్తుంది.

ముందు రాయినే పూర్తిగా చదవాలి. ఉదాహరణకు 1836 మార్చిలో, 19 ఏళ్ల 4 నెలల వయసులో ఒక యువతి చనిపోయినట్టు రాసి ఉందనుకుందాం. వెనక్కి లెక్క కడితే 1816 నవంబరు ప్రాంతంలో పుట్టినట్టు తేలుతుంది. ఇంగ్లండులో ప్రభుత్వమే జనన మరణాలను నమోదు చేయడం 1837 జులై 1న మొదలైంది. కాబట్టి ఆమె అక్కడ పుట్టి ఉంటే వెతకవలసింది చర్చి రిజిస్టర్లలో, అదీ జననం కోసం కాదు, బాప్టిజం కోసం. 20వ ఏట అని రాసి ఉంటే నిండినవి 19 అని గుర్తుంచుకోవాలి. ఈ ఒక్క ఏడాది తేడాతో వేరొకరి బిడ్డను తెచ్చి ఈ ఇంట్లో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది.

రాయి వేయించినవారి సంప్రదాయం కూడా చూడాలి. స్కాట్లండు కుటుంబాల్లో పెళ్లయిన స్త్రీని పుట్టింటి ఇంటిపేరుతో రాసే ఆచారం బలంగా ఉండేది, మద్రాసు సైన్యంలో స్కాట్లండు అధికారులకు లోటు లేదు. విజయనగరానికి దగ్గరలోని భీమునిపట్నంలో డచ్చివారి సమాధుల తోట ఉంది. డచ్చివారిలోనూ భార్య తన పుట్టింటి పేరునే నిలుపుకునేది. వాళ్ల రాళ్ల మీద చెక్కిన కుటుంబ చిహ్నాలు కూడా పుట్టింటికి దారి చూపగలవు. ఇంగ్లీషు రాళ్ల దగ్గర ఈ సాయం తక్కువ.

ఉప్పుగాలికి, వానలకు అక్షరాలు అరిగిపోయిన చోట పాత జాబితాలు ఆదుకుంటాయి. మద్రాసు రాష్ట్రంలోని సమాధి శాసనాలను జూలియన్ జేమ్స్ కాటన్ సేకరించగా, మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం 1905లో ఒక పెద్ద జాబితాగా అచ్చువేసింది. అది అమూల్యమైన పని. అయితే చారిత్రక, పురావస్తు ప్రాముఖ్యం ఉన్న శాసనాల జాబితా అని దాని పేరులోనే ఉంది. ఏది ముఖ్యమో నిర్ణయించింది సేకర్తలే. కలెక్టర్లకు, సేనానులకు అందులో చోటు సులువుగా దొరికింది. సార్జెంటు భార్య, గుమాస్తా కూతురు ఆ వడపోతలో జారిపోయే అవకాశం ఎక్కువ. జాబితాలో లేనంత మాత్రాన సమాధి లేదని తేల్చకూడదు. 1976లో ఏర్పడిన దక్షిణాసియా శ్మశానాల బ్రిటిష్ సంఘం తర్వాతి కాలంలో ఈ లోటును కొంత పూడ్చింది. ఆ సంఘం సేకరించిన పత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

రాయి నుంచి కాగితానికి వచ్చేసరికి మన జిల్లాల చరిత్ర తెలియనివాళ్లు దారి తప్పే చోటు ఒకటి ఉంది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. అంతకుముందు, 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా, చికాకోల్ గంజాం జిల్లాలో ఉండేది. విజయనగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోది, సొంత జిల్లా అయింది 1979లో. అంటే చికాకోల్‌లో పోయిన యువతి కోసం గంజాం కాగితాలు, విజయనగరంలో పోయిన యువతి కోసం విశాఖ కాగితాలు తిరగేయాలి. ఊరి పేర్ల వర్ణక్రమం మరో చిక్కు. విజయనగరం పేరునే ఇంగ్లీషులో పలు విధాలుగా రాశారు. తుంగభద్ర ఒడ్డున ఉన్న విజయనగరంతో దాన్ని కలిపేసిన సూచికలు కూడా ఉంటాయి. ఒక్క రూపంతో వెతికి దొరకలేదని ఆగిపోవడం ఈ పనిలో చాలా సాధారణంగా జరిగే నష్టం.

కంపెనీ కాలంలో మద్రాసు ఆధీనంలోని చర్చిలు బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లను మద్రాసుకు పంపేవి. అక్కడి నుంచి అవి లండన్ చేరేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ‘ఎన్ 2’ అనే వరుసలో ఉన్నాయి. చాలావరకు కంప్యూటర్‌లో వెతకడానికి వీలుగా సూచికలు కూడా తయారయ్యాయి. వెతుకులాట చివరి నమోదు నుంచి మొదటిదాని వైపు సాగాలి. ఖననం నమోదు నుంచి పెళ్లి నమోదుకు, పెళ్లి నుంచి బాప్టిజానికి. పెళ్లి నమోదులోనే ఆమె కన్యగా ఉన్నప్పటి ఇంటిపేరు దొరుకుతుంది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం కింద వాడిన పత్రంలో వధూవరుల తండ్రుల పేర్లకు ప్రత్యేకంగా గడి ఉంది. అంతకుముందు నాటి పెళ్లిళ్లలో చాలా చోట్ల ఆ సౌకర్యం లేదు. అప్పుడు సాక్షుల సంతకాలే దిక్కు. వధువు ఇంటిపేరుతోనే ఒక సాక్షి ఉంటే అన్నో, తండ్రో, బాబాయో అయ్యే వీలుంది. వీలు మాత్రమే, రుజువు కాదు. చికాకోల్ వంటి చిన్న మకాంలో అన్ని వేళలా పాదిరీ ఉండేవాడు కాదు. వచ్చినప్పుడు పిల్లలందరికీ ఒకేసారి బాప్టిజం ఇచ్చిన సందర్భాలున్నాయి. అందుకే బాప్టిజం తేదీని పుట్టినరోజుగా పట్టుకోకూడదు.

1816 నుంచి 1845 దాకా లండన్‌లో వెలువడిన ఏషియాటిక్ జర్నల్‌లో మద్రాసు రాష్ట్రపు శుభాశుభ వార్తలు అచ్చయ్యేవి. చికాకోల్‌లో ఫలానా లెఫ్టినెంటు గారి భార్యకు కుమార్తె పుట్టింది అన్న తీరులో ఉంటాయి ఆ వార్తలు. తల్లి పేరు ఉండదు, బిడ్డ పేరు ఉండదు, తండ్రి హోదా మాత్రం తప్పకుండా ఉంటుంది. ఇంత అన్యాయంగా రాసిన ఒక్క పంక్తి కూడా వెతికేవాళ్లకు పనికొస్తుంది. ఎందుకంటే తేదీ, ఊరు, పటాలం ఒకచోట చేరుతాయి. అదే పంక్తి తర్వాత కొద్ది రోజులకే తల్లి మరణవార్త కనిపిస్తే రాయి చెప్పని మరణకారణం కూడా చాలావరకు తెలిసిపోతుంది.

సొమ్ముతో పడిన ముడులు ఇంతకన్నా గట్టివి. మద్రాసు సైనికాధికారుల భార్యాబిడ్డల కోసం ఒక సహాయ నిధి ఉండేది. చందా కట్టిన అధికారి పెళ్లి, పిల్లల పుట్టుక, భార్య మరణం ఆ లెక్కల్లోకి ఎక్కాయి. నిధికి కావలసింది ఆమె జీవితం కాదు, ఎవరికి ఎంత చెల్లించాలన్న లెక్క. ఆ అవసరమే ఆమె తేదీలను మనకు మిగిల్చింది. పెళ్లయిన స్త్రీ సొంతంగా వీలునామా రాయడం అరుదు. కానీ ఆమె తండ్రి రాసిన వీలునామాలో, విజయనగరంలో ఉన్న నా కూతురికి, లేదా చనిపోయిన నా కూతురి బిడ్డకు అంటూ ఒక వాక్యం ఉంటే పుట్టిల్లు తేలిపోయినట్టే. ఆమె వెనక మిగిలిన పసివాణ్ణి అమ్మమ్మ దగ్గరకో, పినతల్లి దగ్గరకో ఓడ ఎక్కించి ఉంటే ఆ పిల్లవాడు 1851 బ్రిటన్ జనగణనలో కనిపించవచ్చు. ఆ లెక్కలో పుట్టిన చోటు రాశారు. ఈస్ట్ ఇండీస్‌లో, అంటే ఇండియా వైపు, పుట్టినట్టు రాసిన పిల్లవాడు ఎవరి ఇంట్లో ఉంటే అది తల్లి తరఫు ఇల్లు కావచ్చు.

అయితే ఆ యువతి ఇంగ్లండు నుంచే వచ్చిందని అనుకోవడం తొందరపాటు. ఈ ప్రాంతాల్లో సైనికులకు, గుమాస్తాలకు భార్యలైనవాళ్లలో ఇక్కడే పుట్టినవాళ్లు చాలామంది. మద్రాసులో సైనికుల ఆడపిల్లల కోసం 1787లో ఒక అనాథాశ్రమం వెలిసింది. అక్కడ పెరిగిన పిల్లల్లో కౌమారం దాటీ దాటకముందే పెళ్లిళ్లయి పటాలాల వెంట ఈ ఉత్తర జిల్లాలకు తరలినవారు ఉండవచ్చు. ఆ పిల్లలకు అనాథలన్న పేరున్నా, తండ్రి పోయినా తల్లి బతికే ఉన్న సందర్భాలు ఉన్నాయి. ఆ తల్లి ఎవరు? చాలా బాప్టిజం నమోదుల్లో తండ్రి పేరు, హోదా, పటాలం ఉంటాయి. తల్లి దగ్గర దేశీయ స్త్రీ అన్న మాట ఉంటుంది, లేదా గడి ఖాళీగా ఉంటుంది.

ఈ వ్యాసంలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే. ఆ ఖాళీలో ఉన్నది మన ఊళ్ల ఆడపిల్ల. చికాకోల్‌లోనో, విజయనగరంలోనో, మరే కంటోన్మెంట్ బజారులోనో బతికిన ఒక తెలుగు తల్లి. ఆమె కన్నబిడ్డకు రాతి సమాధి ఉంది, ఇంగ్లీషు పేరు ఉంది. ఆమెకు పేరే లేకుండా పోయింది. ఆ సమాధులను తెల్లవాళ్ల సంగతిగా, మనకు పట్టని వ్యవహారంగా చూసేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. ఆ రాళ్ల కింద ఉన్నవాళ్లలో కొందరికి అమ్మమ్మ గారి ఊరు ఈ నాగావళి తీరమే. వీలునామాల్లో మాత్రం అప్పుడప్పుడు ఆ తల్లి మొదటి పేరుతో బయటపడుతుంది. తనతో ఉన్న స్త్రీకి నెలకింత ఇవ్వాలని సైనికుడు రాసినప్పుడు, డబ్బు ముట్టచెప్పడానికైనా పేరు అవసరమైంది. మళ్లీ అదే సూత్రం.

ఇప్పుడు అదే కాలంలో, అదే ఊళ్లో, ఇరవై ఏళ్లకే పోయిన తెలుగు యువతిని తీసుకుందాం. దహనం జరిగింది, అస్థికలు శ్రీకూర్మం శ్వేత పుష్కరిణిలోనో, మరో తీర్థంలోనో కలిశాయి. రాయి లేదు. కొన్ని కులాల్లో ఖననమే ఆచారమైనా చెక్కిన అక్షరాలు ఉండవు. ముస్లిం సమాధుల్లో మగవారి సమాధి మీద కలందాను (కలాల పెట్టె) ఆకారం, ఆడవారి సమాధి మీద పలక ఆకారం ఉంచే ఆనవాయితీ ఉంది కాబట్టి, పేరు లేకపోయినా అక్కడున్నది స్త్రీ అని తెలుస్తుంది. హిందూ యువతి విషయంలో అంత ఆనవాలు కూడా మిగలదు.

సంఖ్యలు మాత్రం మిగిలాయి. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. ఆ లెక్కను గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన తన నాటకం ముందుమాటలో ఇచ్చారు. మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు 1034. అయిదేళ్ల వయసులో పెళ్లయినవాళ్లు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. డబ్బు పుచ్చుకున్నట్టు ఒప్పుకోవడానికి జనం వెనకాడతారు కాబట్టి ఇది పూర్తి జాబితా కాదని కూడా ఆయనే చెప్పారు. అయిదేళ్లు, అంతకు లోపు వయసు పిల్లలే 188 మంది. ఒక్కరి పేరూ ఆ ముందుమాటలో లేదు. వాళ్లలో ఎవరు ఎవరి పూర్వీకులో తెలుసుకోవాలంటే ఇంటింటి కాగితాల్లోకి వెళ్లాల్సిందే.

ఆ కాగితాల్లో మొదటిది ఇనాం రిజిస్టరు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. పన్ను లేకుండానో, తక్కువ పన్నుతోనో అనుభవిస్తున్న భూములకు హక్కు ఎలా వచ్చిందో ఆ కమిషన్ విచారించింది. అసలు దానం పొందినవాడు ఎవరు, ఇప్పటి అనుభవదారు పేరు, వయసు, నివాసం, మొదటివాడితో బంధుత్వం, వారసులు ఎవరు అన్న గడులు అందులో ఉన్నాయి. కొడుకులు లేని ఇంట భూమి విధవరాలి చేతిలో ఉంటే ఆమె పేరు, వయసు రిజిస్టరులోకి ఎక్కాయి. ఇది మన ప్రాంతానికి మరీ ముఖ్యం. విజయనగరం సంస్థానం వంటి పెద్ద జమీందారీల్లో 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు వల్ల రైతుల వివరాలు ప్రభుత్వం దగ్గర కాక జమీందారు కచేరీలోనే ఉండిపోయాయి. ప్రభుత్వమే రైతుల నుంచి నేరుగా శిస్తు వసూలు చేసిన రైతువారీ జిల్లాల్లో దొరికేంత వివరం ఇక్కడ ప్రభుత్వ కాగితాల్లో దొరకదు.

రెండోది రిజిస్ట్రేషన్ దస్తావేజు. 1864, 1866 చట్టాల తర్వాత స్థిరాస్తి పత్రాల నమోదు క్రమపడింది. కూతురికి పసుపు కుంకుమ కింద భూమి రాసిన పత్రం దొరికితే వెతికేవాళ్లకు పండగే. ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య అంటూ పుట్టిల్లు, అత్తిల్లు ఒకే వాక్యంలో నిలుస్తాయి. సమాధి రాయి చేయలేని పని ఈ పత్రం చేస్తుంది. కోర్టు కాగితాల్లో మనోవర్తి దావాలు కూడా ఇలాంటివే. చిన్న వయసులో విధవ అయిన స్త్రీ తిండికీ బట్టకూ అత్తవారి మీద దావా వేస్తే, తరచుగా వెనక నిలబడేది తండ్రో, అన్నో. పుట్టింటివారి పేర్లు ఆ దావాలో బయటపడతాయి.

మూడోది, చాలామంది పట్టించుకోనిది, పురోహితుల దగ్గరి తర్పణాల పట్టిక. మహాలయ పక్షంలోనో, పుష్కరాల్లోనో, గయలోనో సర్వపితృ తర్పణం చేసేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతలతో ఆగరు. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, తల్లి తరఫు మూడు తరాల స్త్రీపురుషులు, అక్కచెల్లెళ్లు, మేనత్తలు, పినతల్లులు అందరినీ గోత్రంతో, పేరుతో తలుస్తారు. ఆ వరుసలో సాపత్న మాత కూడా ఉంటుంది. అంటే తండ్రికి మరో భార్య. మొదటి కాన్పులో చనిపోయిన పదిహేడేళ్ల పిల్లను, ఆమె తర్వాత ఆ ఇంటికి వచ్చిన రెండో భార్య కొడుకులు ఏటా పేరు పెట్టి తలుచుకున్నారు. సంతానం లేని ఆ పిల్లకు వంశవృక్షంలో కొమ్మ లేదు, తర్పణంలో చోటు ఉంది. ఇంతకన్నా నమ్మకమైన ఆధారం ఆమెకు మరొకటి ఉండదు. మూడు తరాలు దాటాక కొత్త పేర్లు చేరి పాతవి జారిపోతాయి కాబట్టి ఇప్పటి పట్టిక కన్నా తాతల నాటి పుస్తకం విలువైనది. గయలోనూ, ఉత్తరాంధ్ర యాత్రికులు తరచూ వెళ్లే పూరీలోనూ పండాల దగ్గర ఉండే పుస్తకాలు దీనికి తోడు. అయితే ఈ ఆధారం కొన్ని కులాలకే. సేద్యం చేసిన, మగ్గం నేసిన, కూలికి వెళ్లిన ఇళ్లలో ఈ పట్టికలు సాధారణంగా ఉండవు. క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలకు 19వ శతాబ్దపు మిషన్ రిజిస్టర్లు కొంత ఆసరా.

అలాంటి ఇళ్లలో పేర్లే సాక్ష్యం. మనవరాలికి నాయనమ్మ పేరో, అమ్మమ్మ పేరో పెట్టడం మన ఆనవాయితీ. మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒకే రెండు మూడు ఇంటిపేర్లు తరతరాలా అటూ ఇటూ తిరుగుతుంటాయి. కానీ సింహాచలం, అప్పలనరసమ్మ, కూర్మమ్మ, పైడితల్లి వంటి పేర్లు ఈ రెండు జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి. పేరు ఒక్కటే కలిస్తే ఏమీ తేలదు. పేరు, ఇంటిపేరు, ఊరు, భర్త పేరు, వీటిలో కనీసం మూడు కలవాలి.

తేదీల దగ్గర తెలుగిళ్లకు, సమాధి రాళ్లకు ఉన్న తేడా గమనించదగినది. రాయికి సంవత్సరం తెలుసు, ఇంటివారికి తిథి తెలుసు. ఆబ్దికం పెట్టాలంటే మాసం, పక్షం, తిథి కావాలి. అందుకే అవి మరపున పడలేదు, సంవత్సరం మాత్రం మరపున పడింది. సంవత్సరం పేరు తెలిసినా అరవై ఏళ్లకోసారి అది తిరిగి వస్తుంది. ధాత సంవత్సరంలో పుట్టిందని ఇంట్లో చెప్పుకుంటే అది 1816 కావచ్చు, పెద్ద కరువు మొదలైన 1876 కావచ్చు. తిథితో పాటు వారం కూడా తెలిస్తే పాత పంచాంగంతో ఈ రెంటిలో ఏదో తేల్చవచ్చు.

జనం నోటి మాటనూ తోసిపుచ్చకూడదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అకాలంగా పోయిన స్త్రీలను పేరంటాళ్లుగా కొలిచే గుళ్లు ఉన్నాయి. విజయనగరం పైడితల్లి అమ్మవారిని పూసపాటివారి ఆడపడుచుగానే ఊరంతా చెప్పుకుంటుంది. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్నగారు పోయిన దుఃఖంతో ఆమె ప్రాణం విడిచిందని ఐతిహ్యం. చరిత్రకారులు దీన్ని దస్తావేజుగా స్వీకరించరు, స్వీకరించనవసరం లేదు. కానీ పేరంటాలి కథలో ఆమె ఏ ఇంటి ఆడపడుచో చెబితే, ఆ ఇంటిపేరును ఇనాం రిజిస్టరుతోనో, కరణం లెక్కలతోనో సరిచూడడానికి ఒక మొదలు దొరుకుతుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక గ్రామాల పాత లెక్కలు చాలాచోట్ల చెదిరిపోయాయి. మిగిలినవి చేతికందినప్పుడే నకలు తీయడం మంచిది.

రెండు దారుల్లోనూ ఒక దశలో వెతుకులాట తెగిపోతుంది. అప్పుడు ఆ యువతిని వదిలి ఆమె తోబుట్టువుల మీదకు మళ్లాలి. ఆమె బాప్టిజంలో తల్లి గడి ఖాళీగా ఉన్నా, ఆరేళ్ల తర్వాత మరో పాదిరీ రాసిన తమ్ముడి నమోదులో తల్లి పేరు ఉండవచ్చు. ఆమె పెళ్లి కాగితం చిరిగిపోయినా చెల్లెలి పెళ్లికి తండ్రి సాక్షిగా సంతకం చేసి ఉండవచ్చు. ఆమె పుట్టింటికి భూమి లేకపోయినా, అన్నకు మామగారు ఇచ్చిన భూమి పత్రంలో ఆ ఇంటి పేరు ఉండవచ్చు. అందువల్ల వంశవృక్షం గీసేటప్పుడు పేరు తెలియని తల్లికీ ఒక గడి కేటాయించి, తెలిసిన ఊరు, తెలిసిన సంవత్సరం, బిడ్డ తండ్రి పటాలం, ఆధారం ఏ రిజిస్టరులో ఏ పుటలో ఉందో అన్నీ అక్కడే రాసి ఉంచాలి. ఆ గడిని తీసేసి తండ్రి పేరుతోనే వృక్షాన్ని ముగిస్తే, రేపు తమ్ముడి నమోదు దొరికినా దాన్ని కలపడానికి చోటు ఉండదు.